మొదటి మీటరు లేని టేపు

మా డ్రిల్లు మాస్టారి దగ్గర ఉన్న 30 మీటర్ల గుడ్డ టేపుకు మొదటి మీటరు ఉండేది కాదు. ఎలుకలు కొరికాయో, ఏ వాలీబాల్ స్తంభానికో చిక్కుకుని చిరిగిందో తెలియదు గాని, నేను ఆరో తరగతిలో చేరేనాటికే దాని కొసన ఉండవలసిన ఇత్తడి రింగు పోయింది. మాస్టారు ఆ చిరుగును అంకె 1 దగ్గర తిన్నగా కత్తిరించి, అంచు విడిపోకుండా గోనెసంచులు కుట్టే దారంతో మడిచి కుట్టుకున్నారు. కొత్త టేపు కావాలని రెండు మూడేళ్ళు హెడ్మాస్టరు గారిని అడిగారట. తరువాత అడగడం మానేసి, "ఒకటి దగ్గర మొదలెట్టి చివర్న ఒకటి తీసెయ్యడమే కదరా, పోయిందేటి" అనడం మొదలుపెట్టారు. ఆ ఒకటి తీసివేసే పని మూడేళ్ళపాటు నాది. అందులో ఒక్కసారి తప్పాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. అయితే అక్కడికి రావాలంటే ఆ మైదానం గురించీ ఆ మాస్టారి గురించీ కొంత చెప్పక తప్పదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళికి దగ్గరగా ఉన్న పల్లె. ఐదో తరగతి వరకు చదివిన ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులు, ఆవరణకంతా ఒక్క వేపచెట్టు. వ్యాయామం నేర్పడానికి ప్రత్యేకంగా ఎవరూ లేరు. సాయంత్రం ఇంటి గంటకు ముందు మమ్మల్ని చెట్టు కింద వరుసలుగా నిలబెట్టి, "చేతులు ముందుకు, పైకి, పక్కకు, కిందికి" అని పదిసార్లు చేయిస్తే దానినే డ్రిల్లు అనుకునేవాళ్ళం. అసలైన కసరత్తు ఇంటి గంట కొట్టాక మొదలయ్యేది. కోతికొమ్మచ్చిలో కొమ్మలు పట్టుకుని వేలాడి చేతులకు పట్టు వచ్చేది, ఏడుపెంకులాటలో గురి కుదిరేది, తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలకడ అలవడేది. చిన్న తరగతుల పిల్లలకు పరుగు, గెంతు, విసురు, పట్టు, నిలకడ ముందుగా రావాలని, పోటీ ఆటలు ఆ తరువాతేనని ఇప్పుడు వ్యాయామ విద్య చదివినవారు చెబుతుంటే, ఆ పాఠాలన్నీ వీధిలోనే అయిపోయాయి కదా అనిపిస్తుంది.

నాకు మాత్రం అవి కూడా సరిగా రాలేదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండడం వల్ల, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. నన్ను ఆటలోంచి తీసివేయడానికి తోటివారికి మనసొప్పక, ఆటలో అరటిపండును చేసేవారు. అరటిపండును ఎవరూ అంటుకోరు, అంటుకున్నా వాడు ఔట్ కాడు, వాడు చేసినదేదీ లెక్కలోకి రాదు. తెలుగు పిల్లలు కనిపెట్టిన ఈ ఏర్పాటులో దయ ఉన్న మాట నిజమే గాని, ఐదేళ్ళపాటు అరటిపండుగా ఉన్నవాడిని అడిగితే ఆ దయ రుచి ఎలా ఉంటుందో చెప్పగలడు.

1982 జూన్‌లో మూడు కిలోమీటర్ల దూరంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేరాను. అక్కడ డ్రిల్లు మాస్టారు ఉన్నారు. రికార్డులలో ఆయన వ్యాయామోపాధ్యాయుడు, పిల్లలకు డ్రిల్లు మాస్టారు, తోటి ఉపాధ్యాయులకు ఒక్కోసారి "ఈల మాస్టారు". పొట్టి మనిషి. మెడలో నల్లతాడుకు ఈల, కాళ్ళకు తెల్లని కాన్వాసు బూట్లు. ఆ బూట్లకు ప్రతి సోమవారం సుద్దముక్క రుద్దుకుని వచ్చేవారు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో శిక్షణ పొందానని చెప్పేటప్పుడు మాత్రం, సహజంగా మెత్తగా మాట్లాడే ఆయన గొంతు ఒక మెట్టు పైకి వెళ్ళేది.

మొదటి డ్రిల్లు పిరియడులో తరగతినంతా మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తమన్నారు. చింతచెట్టు దాకా వెళ్ళి నేను కూలబడిపోయాను. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, వీపు మీద అరచేయి ఆన్చి, కాసేపు విని, "ఏటిరా, పిల్లిని మింగేశావేటి?" అన్నారు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వబోయి దగ్గాను. ఆయన నవ్వలేదు. మిగిలినవాళ్ళను రెండో చుట్టుకు తరిమేసి, భుజాన ఉన్న సంచిలోంచి తోలు పెట్టెలో చుట్టి ఉన్న టేపు తీసి, కొస నా చేతికిచ్చి, "కదలకుండా పట్టు. సాగదియ్యకు, వదులు చెయ్యకు" అన్నారు. ఆ రోజు ఖోఖో కోర్టు గీశాము.

మైదానంలో గీతలు గీయడం చూడడానికి తేలికగా కనిపిస్తుంది గాని, నాలుగు మూలలూ సరిగా కుదరడం చాలా కష్టం. కంటితో చూసి గీస్తే కోర్టు ఒక పక్కకు వాలిపోతుంది. మాస్టారి దగ్గర దీనికి ఒక నులకతాడు ఉండేది. మొత్తం 12 మీటర్ల తాడుకు 3 మీటర్ల దగ్గర ఒక ముడి, అక్కడి నుంచి 4 మీటర్ల దగ్గర మరొకటి, మిగిలిన 5 మీటర్ల కొసను మొదటి కొసతో కలిపి ఇంకొకటి వేసి, మూడు ముడుల దగ్గర ముగ్గురు పిల్లలను నిలబెట్టి బిగుతుగా లాగమనేవారు. 3కూ 4కూ మధ్య ఉన్న ముడి దగ్గర నిలబడినవాడి కాళ్ళ దగ్గర కోర్టు మూల వచ్చేది. ఆ తాడు వెంట మేకులు కొట్టి, అడుగున మేకుతో తూట్లు పొడిచిన డాల్డా డబ్బాలో పొడి సున్నం పోసి, వంగి నడుస్తూ డబ్బాను చిన్నగా తట్టుకుంటూ వెళితే తెల్లని గీత పడేది. గట్టిగా తడితే సున్నం కుప్ప పడుతుంది, మెల్లగా తడితే గీత తెగిపోతుంది, గాలి ఎదురొస్తే సగం కళ్ళలో పడుతుంది. రెండేళ్ళ తరువాత లెక్కల మాస్టారు నల్లబల్ల మీద లంబకోణ త్రిభుజం గీసి, మూడు వర్గం, నాలుగు వర్గం కలిపితే ఐదు వర్గం అని చెప్పినప్పుడు, ఆ బొమ్మకు మూడు కొసలలో ఏ కొసన నేను నిలబడేవాడినో నాకు వెంటనే కనిపించింది.

ఆటస్థలంలో నాకు ఒక పని దొరకడం ఆ విధంగా జరిగింది. అరటిపండుకు పని ఉండదు. నేను పట్టుకున్న కొస కదిలితే మాత్రం ఆట మొత్తం వంకరపోయేది.

పరుగు పందేల బాట గీయడం మరింత చిక్కు. మా మైదానంలో పట్టేది 200 మీటర్ల చుట్టు. ఒక పూర్తి చుట్టు పందెంలో లోపలి గీతవాడు వెనక, బయటి గీతవాడు ముందు నిలబడతారు. వార్షికోత్సవం నాడు ఊరి పెద్దలు ప్రతి ఏడూ దీని మీద గొడవ చేసేవారు. "మావాణ్ణి వెనక్కి నిలబెట్టి ఆ కుర్రోణ్ణి అంత ముందుకి నిలబెడతారేటి మాస్టారూ, ఇదేం న్యాయం" అని ఒకాయన ఏకంగా గీత మీద కూర్చుండిపోయారు. మలుపులో బయటివాడు ఎక్కువ దూరం పరుగెత్తవలసి ఉంటుంది గనుక ఆ ఎక్కువను ముందుగానే ఇస్తారు. బాటల వెడల్పు 1.22 మీటర్లు అయితే ఒక చుట్టుకు పక్క బాటవాడికి వచ్చే తేడా దాదాపు 7.67 మీటర్లు. విచిత్రం ఏమిటంటే, చుట్టు 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా ఈ తేడా మారదు, బాట వెడల్పు మారితేనే మారుతుంది. మాస్టారు ఆ పెద్దమనిషికి రెండు తాళ్ళు ఇచ్చి, లోపలి గీత వెంట ఒకటి, బయటి గీత వెంట ఒకటి పరిపించి, రెండింటినీ తిన్నగా లాగి పక్కపక్కన పెట్టి చూపించారు. ఆయన ఆ మిగులు తాడు వంక చాలాసేపు చూసి, "అలాగైతే సరే" అని లేచి వెళ్ళారు. ఆయన అబ్బాయి ఆ పందెంలో చివరివాడుగా వచ్చాడు, అది వేరే సంగతి.

డ్రిల్లు పిరియడు వారానికి మూడు ఉండేవి, కాలపట్టికలో. నిజానికి ఒకటి దక్కితే గొప్ప. అర్ధసంవత్సర పరీక్షలు దగ్గర పడగానే ఇంగ్లీషు వారు ఒకటి, లెక్కలవారు ఒకటి "పోర్షను అవలేదండీ" అని పట్టుకుపోయేవారు. డ్రిల్లుకు మార్కులు లేవు, మార్కులు లేనిదానికి కాలం ఎవరైనా ఎందుకిస్తారు? మేము కిటికీలోంచి చూస్తుంటే మాస్టారు ఖాళీ మైదానంలో చింతచెట్టు కింద నిలబడి, ఈల వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేవారు. ఒకసారి ఉపాధ్యాయుల గదిలో ఎవరో ఆయన ఉద్యోగాన్ని తేలిక చేసి మాట్లాడినప్పుడు, హాజరుపట్టీ ఇవ్వడానికి వెళ్ళిన నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కసు పెట్టకముందు విజయనగరంలో చేసింది మా ఉద్యోగమే కదండీ" అన్నారు. ఛాతీకి చుట్టిన గొలుసులను ఊపిరి బిగబట్టి తెంపిన ఆ మల్లయోధుడి పేరు మా వైపు తెలియనివారు ఉండరు గాని, ఆయన కూడా ఒకప్పుడు పిల్లలకు వ్యాయామం నేర్పిన గురువేనని నేను విన్నది అప్పుడే.

దక్కిన ఆ ఒక్క పిరియడును మాస్టారు వృథా పోనిచ్చేవారు కారు. మగపిల్లలకు చెడుగుడు, ఆడపిల్లలకు ఖోఖో, రింగు ఆట. సాయంత్రం బడి వదిలాక పెద్దవాళ్ళకు పసుపు ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్. 1982లో నవంబరు, డిసెంబరు నెలల్లో ఢిల్లీలో ఏషియాడ్, అంటే ఆసియా క్రీడలు, జరిగినప్పుడు, అక్కడ కబడ్డీని ప్రదర్శన క్రీడగా ఆడించారని పత్రికలో చదివి వినిపించారు. మేము రోజూ దుమ్ములో దొర్లే ఆటను అంత పెద్ద స్టేడియంలో ఆడారంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. పతకాలిచ్చే ఆటగా అది చేరడానికి 1990 బీజింగ్ పోటీల దాకా పట్టింది.

ఖోఖోలో మాత్రం మా బడి ఆడపిల్లలకు సాటి లేదు. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటే, తొమ్మిదో పిల్ల తరుముతుంది. తరిమేవారికి వెనక్కి తిరిగే వీలు లేదు, మధ్య గీత దాటే వీలు లేదు. తప్పించుకునేవారికి ఆ రెండూ ఉన్నాయి. అందువల్ల ఎంత వేగంగా పరుగెత్తేవారైనా ఒంటరిగా పట్టలేరు, సరైన క్షణంలో కూర్చున్నదాని వీపు తట్టి "ఖో" అని లేపవలసిందే. లంగాలు మోకాళ్ళ పైకి దోపుకుని ఆ పిల్లలు లేస్తుంటే దుమ్ము లేచేది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ జట్టులో సగం మంది కనిపించకుండా పోయేవారు. వయసుకు వచ్చిన పిల్ల మైదానంలో గెంతడమేమిటని ఇంట్లో ఆపేసేవారు. మాస్టారు సైకిలు మీద వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అరుగుల మీద కూర్చుని మాట్లాడేవారు. కొన్నిచోట్ల మజ్జిగ ఇచ్చి పంపించేవారు, పిల్లను పంపించేవారు కారు. మా తరగతిలో అందరికంటే బాగా తరిమే అమ్మాయి ఆ తరువాత రెండేళ్ళూ మా పక్క బెంచీలోనే కూర్చుని, డ్రిల్లు గంట కొట్టగానే పుస్తకం తెరుచుకునేది. ఆ రోజులు తలచుకుని మురిసిపోతున్నప్పుడల్లా ఇది గుర్తొచ్చి నా మురిపెం కొంత తగ్గుతుంది.

1984 ఆగస్టు. స్వాతంత్ర్య దినోత్సవానికి సామూహిక డ్రిల్లు తయారీలో ఉన్నాము. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలందరూ వరుసలలో, డప్పు దెబ్బకు లేజిం, అంటే గలగలలాడే గొలుసు కట్టిన కర్ర, ఆడించే రోజులు. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పరుగులో పి.టి. ఉష నాలుగో స్థానంలో వచ్చి, సెకనులో నూటో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న వార్త అప్పుడే వచ్చింది. మాస్టారు డప్పు ఆపించి, అందరినీ కూర్చోబెట్టి, జేబులోంచి ఆటల గడియారం తీశారు. మీట నొక్కితే ముల్లు తిరిగే పాత రకం, సెకనుకు ఐదు గీతలు. "ఈ గీతకీ ఈ గీతకీ మధ్యన అలాంటి నూటో వంతులు ఇరవై ఉంటాయి. మన గడియారంతో చూసుంటే ఉషకి పతకం వచ్చేసేదిరా" అన్నారు. తరువాత, "ఆ అమ్మాయి 400 మీటర్లకి తీసుకున్నది 55.42 సెకన్లు. నూటో వంతు సెకనులో ఎంత దూరం పోతాదో లెక్కకట్టండి" అని నా వైపు చూశారు. నేను నేల మీద పుల్లతో గీసి, కొట్టివేసి, ఏడు సెంటీమీటర్లు అన్నాను. ఆయన నాలుగు వేళ్ళు కలిపి అరచేతిని పైకెత్తి చూపించి, "బెత్తెడు" అన్నారు. రెండు మూడు వందల మంది పిల్లలు తమ వేళ్ళు కలిపి చూసుకున్నారు.

కొలతల మీద ఆయనకున్న ఈ పట్టింపు చివరిదాకా పోలేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో మా జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో రెండు రకాల ఎత్తులలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అని దేశమంతా పొంగిపోయింది. ఆ వారంలోనే శ్రీకాకుళం బజారులో మాస్టారు ఎదురుపడ్డారు. ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్ళయింది. ఆనందంగానే ఉన్నారు గాని, నమస్కారం కూడా పూర్తికాకముందే, "పై ఇద్దరూ ఎత్తింది 242.5. రెండున్నర కిలోలు, అంతే. చివరి ఎత్తులో 137.5 పెట్టించుకుంది, అది నిలబడలేదు" అన్నారు. కూరల సంచి చేతిలో ఉన్న మనిషి, రెండున్నర కిలోలంటే ఎంతో చూపిస్తున్నట్టు ఆ సంచిని కొద్దిగా పైకెత్తారు.

ఇక నేను తప్పిన సంగతి. అదే 1984లో, వినాయక చవితి సెలవుల తరువాత, బడుల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలకు ఎంపికలు జరగవలసి ఉంది. అప్పటికి మండలాలు ఏర్పడలేదు, తాలూకాలే. రాత్రి కురిసిన వర్షానికి 100 మీటర్ల బాట గీతలు కొట్టుకుపోయాయి. మాస్టారు ఏదో సమావేశానికి తాలూకా కేంద్రానికి వెళుతూ, మధ్యాహ్నానికి వచ్చేస్తానని, ఈలోపు కొలిచి గీసి పెట్టమని నాకు అప్పగించారు. ఏడో తరగతి పిల్లవాడిని ఒకడిని సాయం తీసుకున్నాను. 30 మీటర్ల టేపులో మాకు పనికివచ్చేది 29. మూడు లాగులకు 87 మీటర్లు అవుతుంది. మిగిలింది 13. అంటే నాలుగో లాగులో టేపు మీద 14 అంకె దగ్గర మేకు కొట్టాలి. నేను 13 దగ్గర కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ చెప్పలేను. మనసులో 13 అనుకుంటున్నాను, టేపు మీద 13 కనిపించింది, అంతే.

మధ్యాహ్నం పందెం జరిగింది. చెరువుగట్టు పక్క ఇంటి అబ్బాయి, నా తరగతివాడే, చెప్పులు లేని కాళ్ళతో అందరికంటే ముందు వచ్చాడు. గడియారం ముల్లు 13 దాటి రెండో గీత మీద ఆగింది. 13.4 సెకన్లు. మా బడిలో ఎనిమిదో తరగతివాడు అంతకుముందు 14 లోపు వచ్చింది లేదు. మాస్టారు రిజిస్టరులో రాశారు. వాడిని భుజాల మీద ఎత్తుకున్నారు. నాకు కూడా ఎవరో బెల్లం ముక్క పెట్టారు.

మర్నాడు పొద్దున ప్రార్థన గంటకు చాలా ముందు నేను వెళ్ళేసరికి మాస్టారు బాట మీద ఒంటరిగా నడుస్తున్నారు. ఆయనకు రోజూ ఉన్న అలవాటే అది. 100 మీటర్లకు సరిగ్గా 130 అడుగులు. ఆ రోజు 129వ అడుగు పూర్తికాకముందే ముగింపు గీత వచ్చేసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచారు. నన్ను చూసి, ఏమీ అనకుండా టేపు చేతికిచ్చారు. ఇద్దరం కొలిచాము. మూడు లాగుల దాకా సరిపోయింది. నాలుగో లాగులో మేకు దగ్గర ఆయన వంగి అంకె చూసి, నన్ను చూడమన్నారు. 13.

"ఉషకి బెత్తెడు తగ్గింది" అన్నారు. "నువ్వు మీటరు మింగేశావు."

నాకు ఊపిరి ఆడలేదు, అది ఉబ్బసం వల్ల కాదు. అందరూ పరుగెత్తింది ఆ 99 మీటర్లే గనుక ముందు వెనక వరుస మారదు, వాడే మొదటివాడు. కాని రాసిన కాలం తప్పు, ఆ కాలమే తాలూకాకు పంపవలసిన కాగితంలోకి ఎక్కుతుంది. మాస్టారు ఒక పిల్లవాడిని పంపి చెరువుగట్టు అబ్బాయిని పిలిపించారు. వాడు పళ్ళు తోముకుంటూ ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు. జరిగింది విని నా వంక చూసి, వేపపుల్ల ఉమ్మేసి, "సరే సార్" అని బయలుదేరే గీత దగ్గరికి నడిచాడు. మేకు పీకి, ఒక మీటరు అవతల కొట్టి, డబ్బాతో నేనే కొత్త గీత గీశాను. చేయి వణికి అది సన్నగా, తెగుతూ పడింది.

వాడు ఒక్కడే పరుగెత్తాడు. పక్కన ఎవరూ లేరు, అరుపులు లేవు, తడి నేల మీద పాదాల చప్పుడు మాత్రమే వినిపించింది. గీత దాటగానే మాస్టారు మీట నొక్కి, గడియారాన్ని వెలుతురుకు తిప్పి చూసి, నాకు చూపించారు. 13 దాటి రెండో గీత. అదే 13.4. వాడి పరుగుకు ఒక మీటరంటే సెకనులో ఏడో వంతు. గడియారంలో గీతకూ గీతకూ మధ్య ఐదో వంతు ఉంటుంది, నేను చేసిన తప్పు ఆ సందులో పట్టేసింది.

మాస్టారు రిజిస్టరు తెరిచి, ముందు రోజు రాసిన 13.4 మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసి, పక్కన చిన్న సంతకం చేసి, కింది వరుసలో తిరిగి 13.4 అని రాశారు.

"అదే అంకె కదా సార్, కొట్టెయ్యడం ఎందుకు?" అన్నాను.

ఆయన సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరు మూసి, "అది తొంభై తొమ్మిది మీటర్లదిరా" అని, ప్రార్థనకు ఈల వేయడానికి వెళ్ళారు.